తోలు పనివాడి కొడుకూ నా ఎర్ర పెన్నూ

ఈ ఎండాకాలం మొదటిసారి పరీక్ష పేపర్లు దిద్దడానికి వెళ్తున్న కొత్త లెక్చరర్లు ఇద్దరు మొన్న మా ఇంటికి వచ్చారు. "సార్, మీరు గన్ని ఏండ్లు దిద్దిండ్రు కద, మాకేమన్న చెప్పుండ్రి" అన్నారు. ఫ్యాను కింది కుర్చీ పట్టుకోమన్నాను. మధ్యాహ్నం పెరుగన్నం తిని ఊరుకోమన్నాను, కడుపు నిండా తింటే మూడింటికి కునుకు తన్నుకొస్తుంది. ఎర్ర పెన్నులు రెండు జేబులో పెట్టుకోమన్నాను. వాళ్లు తలలూపి, చాయ్ తాగి వెళ్లిపోయారు. వాళ్లకు చెప్పాల్సింది అది కాదని నాకు తెలుసు. ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పడానికి ముఖం చెల్లలేదు. కాగితం మీదైతే నా ముఖం ఎవరికీ కనబడదు గనక ఇక్కడ చెప్పేస్తాను.

ముప్ఫై రెండేళ్లు డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పాను. ఎక్కువ భాగం నల్లగొండ చుట్టుపక్కలే. పేపర్లు దిద్దడంలో నాకొక పేరుండేది, 'ఎక్స్‌ప్రెస్ బస్సు' అని. చిన్న స్టేజీల్లో ఆగనని దాని అర్థం. వెనక అనేవారు, ముందు కూడా అనేవారు, నేను మురిసిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

నేను చెప్పే పాఠాల్లో ఒకటి ఒక ఇంగ్లీషు నాటకకర్త జీవితం. ఆయన చనిపోయి నాలుగు వందల ఏళ్లు దాటింది. ఇంగ్లీషు అక్షరం రానివాడికి కూడా ఆయన పేరు తెలుసు. ఈ కథలో ఎవరి పేరూ రాయకూడదనుకున్నాను కాబట్టి ఆయనకు మాత్రం మినహాయింపు దేనికి? మీకు తెలిసినవాడే. ఆయన జీవితం మా గైడులో ఒకటిన్నర పేజీ ఉండేది. ఫలానా ఊళ్లో పుట్టాడు, తండ్రి సంపన్న వర్తకుడు, చిన్న వయసులో పెళ్లి, లండన్ ప్రయాణం, ఇన్ని నాటకాలు, చావు. చివర్లో, ఆయన కీర్తి సూర్యచంద్రులున్నంత కాలం ఉంటుందని ఒక వాక్యం. నా నోట్సు ఆ ఒకటిన్నర పేజీకి నకలు. కాగితాలు పసుపు రంగుకు తిరిగినా దాన్ని మార్చలేదు. సూర్యచంద్రులు ఎటూ మారలేదు కదా అనుకున్నాను.

తెలంగాణ వచ్చి నాలుగైదేళ్లయిన రోజులవి. ఆ ఏడు చలికాలంలో నా రిటైర్మెంటు. పెన్షన్ కాగితాలు అప్పుడే కదిలాయి. ఆ వేసవి నల్లగొండలో పేపర్లు దిద్దే నా ఆఖరి క్యాంపు. ఒక పెద్ద హాలు, బల్లకు ఆరుగురు, తలల మీద గిర్రున తిరుగుతూ వేడిగాలి కుమ్మరించే ఫ్యాన్లు. పేపర్ల మీద విద్యార్థి పేరుండదు, ఊరుండదు, అంకెలు మాత్రమే ఉంటాయి. ఏ పేపరు ఎవరిదో ఎవరికీ తెలియకూడదని ఆ ఏర్పాటు. జవాబులో ఏమేం ఉండాలో, దేనికెన్ని మార్కులో రాసిన కాగితం ఒకటి ముందే ఇస్తారు. దాన్ని 'కీ' అంటాం. కీలో ఉంటే మార్కు, లేకపోతే లేదు.

మా బల్లకు పెద్ద, అంటే చీఫ్ ఎగ్జామినర్, నాకు పాతికేళ్ల స్నేహితుడు. మేళ్లచెరువు దిక్కు మనిషి. నవ్వడం, నవ్వించడం తప్ప మనిషికి వేరే జబ్బు లేదు. బల్ల చివర ఒక అమ్మాయి కూర్చునేది. హాలియా కాలేజీలో కాంట్రాక్టు మీద పనిచేస్తున్న లెక్చరర్. సొంతూరు కొత్తకోట దగ్గర, గొర్లు కాసుకుని బతికే కుటుంబం. ఆ మాట ఆమె దాచుకునేది కాదు. "మా నాయిన గొర్లమ్మి నన్ను ఎం.ఏ. చదివిచ్చిండు సార్" అని మొదటిరోజే చెప్పింది. నెమ్మదిగా దిద్దేది. మేం మూడు కట్టలు దించేసరికి ఆమె ఒకటిన్నర. "మేడం, పేపర్లు దిద్దుతున్నవా, గొంగడి నేస్తున్నవా?" అని మా చీఫ్ ఆటపట్టించేవాడు. "రెండు ఒక్కటే సార్, పోగు తప్పితే అంతా పీకాలె" అని నవ్వేది.

శనివారం. మధ్యాహ్నం రెండో కట్ట. పదిహేను మార్కుల ప్రశ్న: ఆ నాటకకర్త జీవితం గురించి రాయండి, ఆయన ఇప్పటికీ ఎందుకు నిలిచి ఉన్నాడో చెప్పండి. అప్పటికి నూటికి పైగా ఒకే జవాబు చదివి ఉన్నాను. అన్నీ గైడు పిల్లలే. సంపన్న వర్తకుడు, సంపన్న వర్తకుడు, సంపన్న వర్తకుడు. కళ్లు మూసుకుని పన్నెండు వేసుకుంటూ పోతున్నాను.

ఒక పేపర్ దగ్గర పెన్ను ఆగింది. ఇంగ్లీషు అక్కడక్కడ కుంటుతోంది గానీ చెప్పేది తెలుస్తూనే ఉంది. తెలుగులో చెబితే ఇలా ఉంది: ఆయన తండ్రి తోలు పని చేసేవాడు. గొర్రె తోళ్లూ మేక తోళ్లూ నానబెట్టి, మెత్తచేసి చేతి తొడుగులు కుట్టేవాడు. ఉన్ని కూడా అమ్మేవాడు. ఇంటి ముందు పెంటకుప్ప వేసినందుకు ఊరి పెద్దలు జుర్మానా వేశారు. సంతకం పెట్టాల్సిన చోట తన పనిముట్టు బొమ్మ గీసేవాడు. ఆ కొడుకు అంత పెద్ద కవి అయ్యాక కూడా, తను చనిపోయేముందు తన భార్యకు ఇంట్లో ఉన్న రెండో మంచం రాసిచ్చాడు. మంచి మంచం చుట్టాలు వస్తే వేసేది, రెండోది ఆలుమగలు పడుకునేది, అందుకని అది ప్రేమతోనే ఇచ్చాడు.

నాకు ఒళ్లు మండింది. మండటానికి కారణం కీ అని ఆ రోజు అనుకున్నాను. అది పచ్చి అబద్ధం. మా ఊళ్లో మాది పదెకరాల వ్యవసాయం. తోలు పని చేసేవాళ్లు మా వాకిట్లోకి వచ్చి చెప్పులు ఇచ్చి, గడప బయటే నిలబడి పోయేవారు. నేను ముప్ఫై రెండేళ్లు గొంతు చించుకుని పొగిడిన మనిషిని ఎవరో తీసుకెళ్లి ఆ గడప బయట నిలబెట్టినట్టయింది నాకు. ఆ మాట ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. అప్పుడైతే లేచి నిలబడ్డాను.

"వినుండ్రి, వినుండ్రి! మన మహాకవి నాయినకు ఇంటి ముంగట పెంటకుప్ప ఉండెనంట!" అని మొదలుపెట్టి, యాక్షన్ చేస్తూ మరీ చదివాను.

మా చీఫ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అరె, ఇంగ్లాండ్ల గూడ పంచాయితీ సెక్రటరీలు తిరిగేటోళ్లాయె? నోటీసు గూడ ఇచ్చిండ్రేమో చూడన్నా!"

"మంచం సంగతి చదువుండ్రి సార్, మంచం సంగతి" అని ఇంకొకాయన. బల్లంతా నవ్వు. పక్క బల్ల వాళ్లు కూడా మెడలు సాచారు. నాకు చప్పట్లు కొట్టినట్టే ఉంది. కూర్చుని ఆ జవాబు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్రగీత లాగి, పక్కన సున్నా చుట్టాను. 'ఇష్టమొచ్చినట్టు రాశారు' అని కూడా రాశాను, ఇంగ్లీషులో, అందమైన దస్తూరితో. పేజీ తిప్పితే జవాబు ఇంకా ఉంది. చదవలేదు. దాని మీద కూడా గీత లాగాను. మొత్తం కూడితే పాసుకు ఎనిమిది మార్కులు తక్కువయ్యాయి. కట్ట కట్టి చీఫ్ ముందు పెట్టాను. ఆయన సంతకం పెట్టాడు. కట్ట స్ట్రాంగ్ రూముకు వెళ్లిపోయింది.

నవ్వనిది ఒక్క కొత్తకోట అమ్మాయే. సాయంత్రం చాయ్ దగ్గర, వరండాలో, గ్లాసు చేత్తో పట్టుకుని నా పక్కకు వచ్చింది.

"సార్, ఒక్క మాట చెప్తే ఏమనుకోరు కద?"

"చెప్పమ్మా."

"గా పేపర్ల రాసింది నిజమే సార్. ఆయన నాయిన చేతి తొడుగులు కుట్టెటోడే. పెంటకుప్ప నిజమే, జుర్మానా గూడ నిజమే. ఆ ఊరి రికార్డులల్ల ఉన్నదంట."

చుట్టూ నలుగురున్నారు. నా ముఖంలోకి నెత్తురంతా ఎక్కింది. "మేడం, మీ సర్వీసు ఎంత?" అన్నాను. అమ్మా అన్నవాణ్ణి మేడంకు మారానంటే నా మర్యాద ఎటు పోయిందో చూడండి.

"మూడేండ్లు సార్."

"నాది ముప్ఫై రెండు. మీరు పుట్టకముందు నుంచి ఆ పాఠం చెప్తున్న. కీల ఉన్నదా గది? లేదు. అయిపాయె. కాంట్రాక్టు మీద ఉన్నోళ్లు జర చూసుకొని మాట్లాడితే మంచిది."

ఆ ఆఖరి మాట అనకుండా ఉండాల్సింది. ఆమె రెన్యువల్ కాగితం ఏటా మాలాంటి ముసలివాళ్ల సంతకాల మీద నడుస్తుంది. ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టింది.

"నేను చెప్పిన్నని నమ్మకుండ్రి సార్. మీరే ఒక్కసారి చూడుండ్రి" అని వెళ్లిపోయింది.

అరిచి ఉంటే నేను మరిచిపోయేవాణ్ణి. నెమ్మదిగా అనడం వల్ల ఆ మాట నాతో ఇంటికి వచ్చింది.

ఆదివారం పొద్దున ఎక్కడ చూడాలా అని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఎం.ఏ.లో మొదటివాణ్ణిగా వచ్చినందుకు మా కాలేజీ వాళ్లు నాకొక లావుపాటి పుస్తకం బహుమతి ఇచ్చారు. ఆ నాటకకర్త జీవితమే. అట్ట నున్నగా ఉండేది. అది ఎక్కడుందని మా ఆవిడను అడిగాను.

"కూలర్ కింద" అంది. "ఎడమ దిక్కు కాలు కింద. పదేండ్లాయె."

వంగి చూస్తే నిజమే. కూలర్ కాలు పొట్టిగా ఉందని నేనే పెట్టానట. లాగబోయాను. "ఊకె గుంజకు, కూలర్ ఒరుగుతది. ఇటుకపెళ్ల తెచ్చిపెట్టి తీస్కో" అని అరిచింది. ఎదురింటి వాళ్లు గోడ కడుతున్నారు. లుంగీ ఎగ్గట్టుకుని వెళ్లి అర ఇటుక అడుక్కొచ్చి, దాన్ని కాలు కింద తోసి, నా బహుమతిని బయటికి తీశాను. నీళ్లు కారి కింది అట్ట ఉబ్బిపోయింది. లోపలి పేజీలు ఒకదానికొకటి అంటుకున్నాయి. ఒక్క పేజీ కూడా ఎవరూ తిప్పని పుస్తకం అలాగే ఉంటుంది.

ఊడదీసుకుంటూ చదివాను. రెండో ప్రకరణంలోనే తగిలాడు తండ్రి. చేతి తొడుగులు కుట్టేవాడు. తోళ్లు, ఉన్ని. ఇంటి ముందు పెంటకుప్పకు జుర్మానా. సంతకం చోట పనిముట్టు బొమ్మ. ఊరి పెద్దగా ఎదిగి, తర్వాత అప్పులపాలై ముఖం చాటేసిన మనిషి. అంతా ఉంది, ఆ పేపర్లో ఉన్నట్టే. నాకు చెమటలు పట్టాయి. కూలర్ నా ముఖం మీదే తిరుగుతోంది.

అక్కడ ఆపితే సరిపోయేది. ఆపలేకపోయాను. అన్నానికి పిలిచినా లేవలేదు. ఆయన కాలేజీ గడప తొక్కలేదు. పదకొండేళ్ల కొడుకును పోగొట్టుకున్నాడు. మహమ్మారి వచ్చి నాటకశాలలు మూసేస్తే ఆకలికి ఆగలేక పద్యాలు రాసుకున్నాడు. ఊరికి తిరిగొచ్చి పెద్ద ఇల్లు కొన్నాడు. ఇంత రాసినవాడి కూతురు సంతకం రాక గుర్తు పెట్టింది. ఆయన పోయేనాటికి నాటకాల్లో సగం దాకా అచ్చే కాలేదు. తోటి నటులు ఇద్దరు, పాత సహోద్యోగులు, కాగితాలన్నీ ఏరి, కూర్చి అచ్చు వేయించారు. లేకపోతే అవి మనదాకా వచ్చేవే కావు. సూర్యచంద్రుల సంగతి అలా ఉంచండి, ఇద్దరు స్నేహితులు బద్ధకించి ఉంటే ఆయన కథ అక్కడితో అయిపోయేది. ముప్ఫై రెండేళ్లు ఈ మనిషి గురించి చెప్పి, ఈ మనిషిని నేను ఒక్కసారీ కలవలేదు.

మా ఆవిడ కంచం తెచ్చి ముందు పెట్టింది. "ఏమైంది? గట్ల గూసున్నవేంది?"

"ఒక పిల్లగాన్ని ఫెయిల్ చేసిన."

"గదేం కొత్తనా నీకు?"

"తప్పు రాసినోళ్లను చేసిన. ఒప్పు రాసినోన్ని చేసుడు ఇదే మొదలు."

ఆమె మంచినీళ్ల చెంబు కింద పెడుతూ, "ఇదే మొదలని నీకెట్ల తెలుసు?" అంది.

ఆమె ఎత్తిపొడవలేదు. మామూలుగా అడిగింది.

సోమవారం అందరికంటే ముందు క్యాంపుకు వెళ్లాను. చీఫ్ స్కూటర్ దిగుతుండగానే పట్టుకుని సంగతి చెప్పాను. ఆయన మొదట నవ్వాడు, నేను నవ్వకపోయేసరికి ఆపాడు.

"అన్నా, నీకేమన్న ఎండదెబ్బ తాకిందా? కట్ట లోపలికి పోయింది. నా సంతకం గూడ పడ్డది. ఇప్పుడు తీయాలంటే క్యాంపు ఆఫీసర్ పర్మిషన్ గావాలె, తప్పు చేసిన్నని నువ్వు రాసియ్యాలె. మెమో ఇస్తరు. ఆరు నెలలల్ల రిటైర్ అయ్యేటోనివి, పెన్షన్ కాగితాల నడుమ మెమో పడితే ఏడ ఆగుతదో తెలుసా? ఫికర్ జెయ్యకు. ఆ పిల్లగాడే రీవాల్యుయేషన్ పెట్టుకుంటడు తియ్."

"పెట్టుకోకపోతే?"

మా ఇద్దరికీ తెలుసు. ఫెయిలైన పిల్లల్లో మళ్లీ దిద్దమని అడిగేవాళ్లు తక్కువ. 'సార్లు చూసిండ్రు కద, మాకే రాలేదు' అనుకుని పత్తి ఏరడానికో, సిమెంటు ఫ్యాక్టరీ గేటు దగ్గరికో పోతారు. వాళ్లకు మన మీద అంత నమ్మకం. ఆ నమ్మకమే అన్నిటికంటే భయం వేసింది నాకు.

చీఫ్ తల గోక్కున్నాడు. "సరే పా. నా సంతకం గూడ ఉన్నది కద, ఇద్దరం తిట్లు తిందాం" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయనకు నేను జన్మంతా రుణపడి ఉన్నాను.

క్యాంపు ఆఫీసర్ ఒక కాలేజీ ప్రిన్సిపాల్. నవ్వని మనిషి. మేం చెప్పిందంతా విని గడియారం చూశాడు. "మీ కట్టల మార్కుల షీట్లు పన్నెండింటికి కంప్యూటర్ సెక్షన్‌కు పోతయి. పోయినంక నేను గూడ ఏం చెయ్యలేను. నంబర్ ఎంత?"

నాకు నంబర్ గుర్తులేదు. నేను ఎక్స్‌ప్రెస్ బస్సును కదా, ప్రయాణికుల ముఖాలు చూడను.

స్ట్రాంగ్ రూములో గాలి లేదు. నేల మీద నుంచి కిటికీ దాకా కట్టలు. అటెండరు ఒక్కొక్కటి దించుతుంటే నేనూ చీఫ్ నేల మీద కూర్చుని వెతికాం. నా కట్టలు పదకొండు. మొదటి దాంట్లో లేదు. రెండు, మూడు, నాలుగు. లేదు. ఐదో కట్ట విప్పితే అది నాది కాదు, ఎవరో నంబర్ తప్పు వేశారు. పదిన్నర, పదకొండు. షీట్లు కట్టుకుని వెళ్లే మనిషి రెండుసార్లు వచ్చి తలుపు దగ్గర నిలబడి, "అయిందా సార్?" అని అడిగి పోయాడు. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. నేను ఆ పెంటకుప్పను కలగన్నానేమో అన్న అనుమానం కూడా వచ్చింది. "దొరుకుతది అన్నా, దొరుకుతది" అని చీఫ్ అంటూనే ఉన్నాడు, గొంతులో మాత్రం ఆశ లేదు.

ఎనిమిదో కట్టలో, అడుగు నుంచి మూడోది. ఈ మూల నుంచి ఆ మూలకు నా ఎర్రగీత.

"ఇదే!" అని అరిచినట్టున్నాను. అటెండరు ఉలిక్కిపడ్డాడు.

క్యాంపు ఆఫీసర్ ముందు కూర్చుని ఆ జవాబు మళ్లీ చదివాను, ఈసారి మొదటి నుంచి. చివరి పేజీ తిప్పాను. ఆయన ఎందుకు నిలిచి ఉన్నాడన్న రెండో సగం ప్రశ్నకు జవాబు అక్కడుంది. నేను చదవకుండా కొట్టేసిన పేజీ అది. విద్యార్థి రాసింది, నాకు గుర్తున్నంత వరకు, ఇది:

"మా నాయిన కూడా తోలు పనే చేస్తాడు. ఆయన కూడా సంతకం పెట్టడు. అందుకని ఈ పాఠం చూసి నాకు భయం వేయలేదు. మా అవ్వకు చదువు రాదు. ఆయన రాసిన నాటకాల్లో ఒకటి నేను మా అవ్వకు కథలాగా చెప్పాను. బిడ్డల్ని నమ్మి మోసపోయిన ముసలాయన కథ. అంతా విని మా అవ్వ ఏడ్చింది. తర్వాత, పాపం ఆ ముసలాయనది ఏ ఊరు అని అడిగింది. ఆ కథ రాసినాయన చనిపోయి నాలుగు వందల ఏళ్లయింది. ఆయన దేశం మా అవ్వకు తెలియదు. అయినా ఆ ముసలాయన్ని పక్క ఊరి మనిషి అనుకున్నది. అందుకే ఆయన ఇంకా బతికి ఉన్నాడు."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. మా చీఫ్ నా భుజం మీద నుంచి చదివి, "అబ్బ" అన్నాడు.

పన్నెండు వేశాను. పదిహేనుకు పదిహేను ఎందుకు వేయలేదని అడగకండి. భాషలో తప్పులున్నాయి, అవి కూడా తప్పులే, నేను మాస్టర్నే. కూడితే పాసు, పైన నాలుగు. క్యాంపు ఆఫీసర్ తెల్ల కాగితం నా ముందుకు తోసి, "కారణం రాయండి" అన్నాడు.

"కరెంటు పోయింది, సరిగా కనబడలేదని రాయన్నా" అని చీఫ్ చెవిలో గొణిగాడు.

నిజం చెప్పొద్దూ, ఒక్క క్షణం పెన్ను అటే వంగింది. తర్వాత రాశాను: 'విషయం నాకు తెలియక, సరైన జవాబుకు సున్నా వేశాను. చివరి పేజీ చదవలేదు.' సంతకం పెట్టాను.

ఆయన అది రెండుసార్లు చదివాడు. "ముప్ఫై ఏండ్ల సంది ఈ క్యాంపులు చూస్తున్న. కరెంటు పోయినోళ్లే వచ్చిండ్రు గని తెల్వదని రాసిచ్చినోన్ని ఇప్పుడే చూస్తున్న" అని మార్పు కింద ఇనిషియల్ వేశాడు. షీట్ల మనిషి చేతికి కాగితం ఇచ్చేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ.

హాల్లోకి వచ్చాను. శనివారం ఎక్కడ నిలబడి నాటకం ఆడానో అక్కడే నిలబడ్డాను. అందరి ముందు నవ్వించి, లోపల చాటుగా సరిచేసుకుంటే అది దొంగతనం అవుతుంది.

"శనివారం నేను చదివిన పేపర్ల రాసింది నిజం. నాకే తెల్వదు. ఇప్పుడే మార్కులు వేసి వచ్చిన" అన్నాను. బల్ల చివరికి తిరిగి, "మేడం చెప్పిండ్రు. నేను మేడంను అనరాని మాట అన్నా. తప్పయింది" అన్నాను.

మంచం సంగతి అడిగినాయన మెల్లగా, "మంచం గూడ నిజమేనా సార్?" అన్నాడు. నిజమే అన్నాను. ఆయన తన కట్టలోంచి రెండు పేపర్లు మళ్లీ పైకి తీసి పెట్టుకున్నాడు. ఆమె తల ఎత్తలేదు. పెన్ను మాత్రం ఆగింది, కాసేపయ్యాక మళ్లీ కదిలింది.

మెమో వచ్చింది, రాకుండా ఎలా ఉంటుంది? ఇకముందు జాగ్రత్తగా ఉండవలెనని ఒక్క వాక్యం. నాకు ఇకముందు మిగిలింది ఆరు నెలలు. ఉన్నాను, ఆ ఆరు నెలలూ చాలా జాగ్రత్తగా ఉన్నాను. కొత్త బ్యాచీకి ఆ పాఠం తోలు పనివాడి ఇంటి ముందు నుంచి మొదలుపెట్టాను. పెన్షన్ కాగితాలు ఎక్కడా ఆగలేదు. మా చీఫ్‌కు కూడా ఏమీ కాలేదు. మేం భయపడ్డవేవీ జరగలేదు.

రిజల్ట్స్ వచ్చిన రోజు పొద్దున హాలియా నుంచి ఫోన్.

"సార్, మా కాలేజీల ఒక పిల్ల పాసయింది" అంది ఆ అమ్మాయి.

"మంచిది బిడ్డా. ఒక్క పిల్లేనా?"

"మస్తు మంది అయిండ్రు సార్. ఈ పిల్ల సంగతి మీకు చెప్పాల్నని చేసిన. వాళ్ల నాయిన బస్టాండ్ కాడ చెప్పులు కుడ్తడు."

అర్థమైంది, ఆ పేపరు ఈ పిల్లదే. "దస్తూరి గుర్తుపట్టినవా ఆ రోజే?"

"మీరు చదువుతుంటేనే తెలిసింది సార్. పెంటకుప్ప సంగతి క్లాసుల నేనే చెప్పిన."

"మరి ఎందుకు చెప్పలె నాకు? నీ స్టూడెంట్ అని ఒక్క మాట అంటే..."

"అంటే సిఫారసు అయితుండె కద సార్. రాసింది నిజమా కాదా, గదొక్కటే అడగాల్ననుకున్న."

ఆ రెండు రోజులు ఆమె ఎలా ఉందో అప్పుడు తట్టింది నాకు. అడిగాను.

"అన్నం పోలె సార్" అంది. "గైడు చదవకుండ్రి, మీకు సమజైంది రాయుండ్రి అని నేనే చెప్పిన కద. అందరు భయపడి గైడే రాసిండ్రు. నా మాట నమ్మి రాసింది ఆ పిల్ల ఒక్కతే. ఆమె ఫెయిలైతే, ఈ ఏడు సంది నేను గూడ గైడే చెప్దామనుకున్న సార్."

"వద్దు బిడ్డా" అన్నాను. ఇంకేదో చెప్పాలనుకున్నాను గానీ, "వద్దు" అనే మళ్లీ అన్నాను.